కిటికీ తెరిచి పడుకోండి: కొండ చలిలో బండి బసకు తలకిందుల చిట్కాలు

కళింగపట్నంలో కూర్చుని చలి గురించి చెప్పడమేమిటని అడుగుతారు. వంశధార సముద్రంలో కలిసే చోటు మాది. ధనుర్మాసంలో కూడా తెల్లవారుజామున ఒక దుప్పటి, చెవులకో తువ్వాలు ఉంటే లైట్‌హౌస్ దాకా నడిచి రావొచ్చు. కానీ ఇక్కడ పొద్దున్నే ఇంత ఉప్మా తిని బండి తీస్తే సాయంత్రానికి అరకులో ఉంటాం. ఇంకో పూట ఓపిక పడితే లంబసింగి. డిసెంబరు, జనవరి వచ్చేసరికి చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానంలోనూ, మినుములూరు కాఫీ బోర్డు దగ్గరా నమోదైన డిగ్రీలు రోజూ పేపర్లో పడతాయి. అంకె పదికి దిగిందంటే చాలు, ఆ శనివారానికి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ బళ్లు బారులు తీరి కొండెక్కుతాయి. గదులు దొరకవు. దొరికినా ఆ రేటుకి మనసొప్పదు. అందుకని సీట్లు పీకి పరుపు వేసిన ఓమ్నీలు, ఈకోలు, వెనక సీటు మడిచిన బొలేరోలు, స్నేహితులంతా తలా కొంత వేసుకుని తయారు చేయించుకున్న ట్రావెలర్లు, ఇవే బస. కరెంటు ఉండదు. సిగ్నల్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. రాత్రి మాత్రం ఐదారు డిగ్రీలు ఖాయం.

అలా వెళ్లేవాళ్లకి సలహాలిచ్చేవాళ్లు వీధికి పదిమంది. అద్దాలన్నీ బిగించుకో. ఇన్ని నిప్పులు లోపల పెట్టుకో. ఇంజను ఆపకు. రెండు గుక్కలు వేసుకో. ఉన్న బట్టలన్నీ తొడుక్కో. కొండ మీద గాలి కొడుతుంది, లోయలోకి దిగి పడుకో. వినడానికి ఇంపుగా ఉన్నా ఇవన్నీ తప్పులే. అందులో రెండు మనిషిని తెల్లారనివ్వవు. నేను చెప్పేవి వీటికి పూర్తిగా అడ్డంగా ఉంటాయి, అయినా వినండి. బండిని వేడి చేయాలన్న ఆలోచన ముందు మానుకోండి. మన ఒంట్లో పుట్టే వేడి మన దగ్గరే నిలిచేలా చూసుకుంటే ఈ కొండల చలికి అది చాలు. మిగతా చిట్కాలన్నీ ఈ ఒక్క మాటలోంచి వచ్చేవే.

పొగ లేని నిప్పుకే ఎక్కువ భయపడండి

మా వైపు బాలింత గదిలో కుంపటి పెట్టడం పాత అలవాటు. అందుకే కుంపటి అంటే ఎవరికీ బెదురు లేదు. అయితే ఆ ఇళ్లు వేరు. తాటాకింటికి, పెంకుటింటికి కప్పు నిండా సందులు. చెడుగాలి దానంతటది పైకి పోయేది. బండికి ఆ సదుపాయం లేదు. రేకు, అద్దం, అద్దం చుట్టూ రబ్బరు బీడింగు. అందులోకి కుంపటి తెచ్చామంటే వదిలిన గాలినే మళ్లీ మళ్లీ పీలుస్తాం.

చలిమంట ఆరాక మిగిలిన బొగ్గుల్ని మూకుట్లోకి ఎత్తి, "ఒట్టి నిప్పులే గదేటి, పొగ నేదు గదా" అని సీటు కింద పెట్టుకుంటారు. కణకణలాడే ఆ బొగ్గుల నుంచే కార్బన్ మోనాక్సైడ్ దండిగా వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. కళ్లు మండవు, దగ్గు రాదు. నెత్తుట్లో ఆక్సిజన్‌ని మోయాల్సిన హిమోగ్లోబిన్‌ని ఈ వాయువు ఆక్సిజన్ కన్నా రెండువందల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. పచ్చి కట్టె పొగే నయం. ఉక్కిరిబిక్కిరి చేసి మనిషిని బయటికి తరుముతుంది.

దీని లక్షణాలు తలనొప్పి, తల తిరగడం, వికారం, మగత. అనంతగిరి ఘాట్ మలుపులన్నీ తిరిగి పైకి చేరినవాళ్లకి ఈ నాలుగూ సాయంత్రం నుంచే ఉంటాయి. "ఘాట్ ఎక్కాం కదా, పడుకుంటే తగ్గిపోద్ది" అని కళ్లు మూసుకుంటారు. మన కొండల్లో ఈ ప్రమాదం మరీ మోసకారి కావడానికి కారణం ఇదేనని నా గట్టి నమ్మకం. తేడా పట్టడానికి ఒక దారుంది. ఒక్కరికి ఉంటే ఘాట్ అనుకోవచ్చు. బండిలో ఉన్న అందరికీ ఒకేసారి మొదలైతే, కిందికి దిగి నడిస్తే తగ్గి లోపలికి రాగానే మళ్లీ వస్తే, ఇక ఆలోచించొద్దు. తలుపులన్నీ బార్లా తీసి అందర్నీ బయటికి లాగండి, 108కి ఫోన్ చేయండి. మామూలు గాలి పీలుస్తుంటే నెత్తుట్లో ఈ విషం సగానికి దిగడానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఆస్పత్రిలో మాస్కు పెట్టి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో దిగుతుంది. అందువల్ల "గాలి తగిలింది, లేచి కూర్చున్నాడు" అని మళ్లీ పడుకోబెట్టకూడదు, ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే.

2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో కేరళ నుంచి విహారానికి వెళ్లిన ఎనిమిది మంది ఒకే గదిలో చనిపోయారు. వాళ్లలో నలుగురు పిల్లలు. తలుపులూ కిటికీలూ మూసుకుని గ్యాస్ హీటరు పెట్టుకున్నారు. 2024 డిసెంబరులో జార్జియా దేశంలో గుడౌరీ మంచుకొండ మీద ఒక రెస్టారెంటు పై గదుల్లో పడుకున్న పదకొండు మంది భారతీయులు తెల్లారి లేవలేదు. అక్కడ లోపల నడిపిన జనరేటర్ కారణమన్నారు. అదే నెలలో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో ఇద్దరు పోయారు. వడకర సముద్రతీరం, అక్కడ చలే లేదు. జనరేటర్ వదిలిన వాయువు వాహనం అడుగున ఉన్న కంతలోంచి లోపలికి చేరిందని ఎన్‌ఐటీ కాలికట్ నిపుణులు పరీక్షించి తేల్చారు.

ఆ కంత సంగతి బండి తయారు చేయించుకునే ప్రతివాళ్లకీ పాఠం కావాలి. వైరు కోసమో, సింకు నీళ్లు కిందికి పోవడానికో మెకానిక్ ఫ్లోర్‌కి డ్రిల్లు వేస్తాడు, రబ్బరు బుష్ పెట్టడం మర్చిపోతాడు. ఇలా చూసుకోండి. చీకటి పడ్డాక ఒకరు టార్చి పట్టుకుని బండి కిందికి దూరాలి. ఇంకొకరు లోపల లైట్లన్నీ ఆపి, మ్యాట్ ఎత్తి, నేల మీద బోర్లా పడుకుని చూడాలి. కింది నుంచి టార్చి కదులుతుంటే ఎక్కడ గుండుసూది మొనంత వెలుగు తగిలినా అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టండి. గేర్ రాడ్ చుట్టూ ఉండే తోలు సంచి కింద, వెనక తలుపు బీడింగు చిరిగిన మూలల్లో తరచుగా దొరుకుతాయి. తెల్లారాక సీలెంట్ కొట్టించండి. అరగంట పని.

ఇంజను నడుపుతూ హీటరు పెట్టుకుని పడుకోవడం కూడా ఈ కోవలోదే. సైలెన్సర్ జాయింటు ఎక్కడ కారుతోందో పగలు నడిపేటప్పుడు తెలియదు, గాలి తీసుకుపోతుంది. ఆగిన బండి కింద ఆ పొగ అక్కడే కమ్ముకుంటుంది. 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని మర్రీ దారిలో మంచుకి చిక్కుకున్న కార్లలో ఇరవై మందికి పైగా చనిపోయినప్పుడు, కొందరి విషయంలో అనుమానం ఇంజను పొగ మీదకే పోయింది. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. తలగడ ఎత్తులో తగిలించుకోండి. అలారం ఉంది కదా అని మాత్రం కుంపటి లోపలికి తేవద్దు. కిటికీ తెరిచాం కదా అని కూడా తేవద్దు.

కిటికీ తెరిచేది వేరే పనికి

అద్దాలు బిగిస్తే వెచ్చగా ఉంటుందన్నది మొదటి గంట వరకే నిజం. ఒక మనిషి రాత్రంతా ఊపిరితో, చర్మంతో గ్లాసుడు నీళ్లకు పైనే గాల్లోకి వదులుతాడు. నలుగురుంటే లీటరు దాటుతుంది. ఆ తేమంతా ఎక్కడికి పోవాలి? బయట ఐదు డిగ్రీల గాలి తగులుతున్న పైరేకుకి లోపలి నుంచి పడుతుంది. మూడు గంటలప్పుడు టార్చి వేసి చూస్తే రేకంతా ఆవగింజలంత బొట్లు. నాలుగింటికి అవి కలిసి పెద్దవై, రేకుని అడ్డంగా మోసే పట్టీ వెంట జారి, బోల్టు దగ్గర ఆగి, అక్కడి నుంచి ఒక్కొక్కటిగా బొంత మీద పడతాయి. దూది తడిస్తే దాని పొరల్లో ఉన్న గాలి పోతుంది. గాలి పోయాక బొంతకి బరువు తప్ప ఏమీ మిగలదు. తెల్లవారుజామున చలి పెరిగిందని అంతా అనుకుంటారు. చలి ఒక డిగ్రీ పెరిగితే బొంత సగం చచ్చిపోయి ఉంటుంది.

రెండు కిటికీలు తెరవండి. ఒకటి ముందు ఎడమ పక్క అయితే రెండోది వెనక కుడి పక్క. బొటనవేలు దూరేంత చాలు. పొడిగాలి వచ్చి తడిగాలి పోతుంది. గాలి చల్లగా తగులుతుంది కానీ పడక పొడిగా ఉంటుంది, పొడి పడకలో మనిషికి చలి లెక్కలోది కాదు. సందుకి దోమతెర గుడ్డ అంటించుకోండి. దోమల చక్రం మాత్రం లోపల వెలిగించొద్దు, రాత్రంతా పొగ పీల్చడమే అది.

టీ కూడా బండి లోపల కాయొద్దు. కిలో గ్యాస్ మండితే దాదాపు లీటరున్నర నీరు ఆవిరిగా పుడుతుంది. ఐదు కిలోల బుడ్డి పెట్టుకుని లోపల వంట చేసేవాళ్లు చలికి తోడు వాన కూడా తెచ్చుకుంటున్నట్టే. పైగా గ్యాస్ గాలి కన్నా బరువు. కారితే పైకి పోదు, సరిగ్గా మనం పడుకునే ఎత్తులో పేరుకుంటుంది. రాత్రి బుడ్డి బయటే ఉండాలి.

ఐసు పెట్టెని నమ్మండి

మా దగ్గర చేపల వ్యాపారం చేసేవాళ్లకి ఈ విద్య చదువుకోకుండానే తెలుసు. వలలోంచి దిగిన చేపని ఐసు వేసి థర్మాకోల్ పెట్టెలో సర్దితే ఎండలో ప్రయాణం చేసినా ఐసు కరగదు. పెట్టె చల్లదనాన్ని పుట్టించదు, వేడి దాటకుండా అడ్డం పడుతుంది, అంతే. లోపల వేడి ఉంటే అదే పెట్టె దాన్ని బయటికి పోనివ్వదు. బండిలో వేడి ఎక్కువగా పోయేది అద్దాల్లోంచి. కాబట్టి అద్దాలకి థర్మాకోల్ పలకలు తయారు చేసుకోండి.

పాత ఐసు పెట్టెలు మార్కెట్ దగ్గర చవగ్గా ఇస్తారు, వాసనే ఇబ్బంది. సబ్బునీళ్లతో కడిగి, వంటసోడా చల్లి, రెండు మూడు ఎండలు తగలనిస్తే పోతుంది. మనసొప్పకపోతే కొత్త షీటు కొనండి, రెండు సెంటీమీటర్ల మందం చాలు. న్యూస్‌పేపరు అద్దానికి ఆనించి అంచు వెంట వేలుతో గీస్తే కొలత వస్తుంది. ఆ కొలతకి ఒక నూలుపోగంత పెద్దగా, హాక్సా బ్లేడుతో నెమ్మదిగా కోయండి. మొద్దు కత్తితో కోస్తే పొడి రాలి బండంతా అంటుకుంటుంది. పాత లుంగీతో గలేబులా కుట్టించి తొడిగితే పలక ఫ్రేములోకి బిగుతుగా దిగుతుంది, మేకులూ జిగురూ అక్కర్లేదు. తెరవాల్సిన రెండు కిటికీల పలకల్ని మాత్రం పైన బొటనవేలంత తక్కువగా కోయాలి. పగలు తీసి సీటు వెనక పెట్టేయొచ్చు. అలా తీసేలాగే ఉంచుకోండి. థర్మాకోల్‌కి నిప్పంటితే క్షణాల్లో కాలిపోతుంది, ఆ పొగ విషం. గోడలకి శాశ్వతంగా అంటించి పైన ప్లైవుడ్ కొట్టించుకోవడం నాకు ఎంతమాత్రం నచ్చని పని. అగ్గిపుల్ల, సిగరెట్టు దాని దగ్గరికి రాకూడదు.

పైన కప్పుకోవడం తగ్గించి కింద పరుచుకోండి

బొంతలు నాలుగుంటే మూడు పైన కప్పుకుంటారు, ఒకటి కింద వేస్తారు. తిరగేయండి. ఒంటి బరువుకి కింద ఉన్న దూది నలిగి అట్టలా అవుతుంది, దాని కింద ఫ్లోర్ రేకు, రేకు కింద కొండగాలి. వేడి పోయేది అటు నుంచే. అన్నిటికన్నా అడుగున ఒక టార్పాలిన్, దాని మీద తాటాకు చాప, పైన కొబ్బరి పీచు పరుపు, పీచు నలగదు. ఉద్దానం కొబ్బరి ఉన్న జిల్లాలో దానికి కరువు లేదు. ఆపైన అమ్మమ్మల పాతచీరల బొంత. పైన కప్పుకోవడానికి ఒక మంచి రజాయి, దాని మీద వదులుగా ఒక కంబళి. పైన బరువెక్కితే కింద పొర నలుగుతుంది.

బట్టలూ అంతే. ఉన్నవన్నీ తొడుక్కుంటే ఒంటికి బిగుసుకుని నెత్తురు ఆడదు, మధ్యలో గాలి నిలవదు. రెండు జతల మేజోళ్లు బిగించినవాడి కాళ్లే ముందు చల్లబడతాయి. పగలంతా తిరిగిన బట్టల్లో చెమట ఉంటుంది, పైకి తెలియదు. చలిలో బట్టలు మార్చుకోవడం కష్టంగానే ఉంటుంది, అయినా పడుకునే ముందు మొత్తం మార్చి పొడివి వేసుకోండి. పొందూరు ఖద్దరు మన జిల్లా గర్వం, ఎండలో దానికి సాటి లేదు. మంచు రాత్రికి మాత్రం ఒంటికి ఆనించి వేసుకోవద్దు. నూలు చెమటని తాగి తనలోనే ఉంచుకుంటుంది. లోపల ఉన్నిదో పాలిస్టరుదో ఒక పల్చని బనీను, పైన వదులు స్వెటరు, మంకీ క్యాప్. సగం వేడి తల నుంచే పోతుందన్న మాట అబద్ధం, తల వాటా పదో వంతు దగ్గర ఉంటుంది. ఐనా మిగతా ఒళ్లంతా కప్పుకుని తలొక్కటే బయట పెడతాం కాబట్టి టోపీ ఉండాల్సిందే. పసిపిల్లల మొహం మీదకి మాత్రం ఏదీ జరగనివ్వొద్దు.

రజాయిలోకి దూరే ముందు బండి దిగి పది నిమిషాలు చురుగ్గా నడవండి. చలిలోంచి తప్పించుకోవడానికి చలిలోకి వెళ్లమంటున్నానని విసుక్కోకండి. రజాయి వేడిని పుట్టించదు, మనం తీసుకెళ్లిన వేడిని దాచిపెడుతుంది. వణుకుతూ దూరితే వణుకే దాచిపెడుతుంది. చెమట పట్టేదాకా మాత్రం నడవొద్దు. రాత్రి భోజనం తేలిగ్గా ముగించమని డాక్టర్లు చెప్పేది ఇంటి దగ్గర. కొండ మీద కడుపునిండా తినండి. ఉలవచారు, నెయ్యి, గుడ్డు, పడుకోబోయే ముందు వెచ్చగా చోడంబలి. అరగడానికి ఒళ్లు చేసే పని కూడా వేడే.

జీలుగు కల్లు రుచి గురించి నాకు తగువు లేదు. అయితే చలికి మందు అన్న మాట ఒప్పుకోను. మత్తు చర్మంలోని నెత్తుటి నాళాల్ని వదులు చేస్తుంది. లోపలి వేడి పైకొచ్చి వెచ్చగా అనిపిస్తుంది, ఆ వేడే గాల్లో కలిసిపోతుంది. వణుకు కూడా తగ్గిపోతుంది కాబట్టి ఒళ్లు చల్లబడుతున్న సంగతి తెలియదు.

బ్యాటరీని ఫోనుకి వదిలేయండి

ఇన్వర్టరు పెట్టాం, రూమ్ హీటరు తెచ్చుకుందామా అని అడుగుతారు. లెక్క చూడండి. 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ బ్యాటరీలో నిండుగా ఉండేది 1,200 వాట్-అవర్లు. లెడ్ బ్యాటరీని సగానికి మించి దించితే పాడవుతుంది. చేతికి దక్కేవి 600. వెయ్యి వాట్ల హీటరు అరగంట దాటి వెలగదు. నిద్రపోతున్న మనిషి ఒళ్లు సుమారు 80 వాట్ల వేడినిస్తుంది, తెల్లవార్లూ, పైసా ఖర్చు లేకుండా. నలుగురైతే మూడువందలకు పైనే. ఇద్దరిద్దరు దగ్గరగా పడుకుంటే హీటరు అవసరమే రాదు.

సాయం కావాలనుకుంటే మందుల షాపులో దొరికే రబ్బరు సంచిలో వేడినీళ్లు పోసుకోండి. రెండు లీటర్ల నీళ్లు 80 డిగ్రీల నుంచి ఒంటి వేడికి దిగేలోగా వంద వాట్-అవర్ల దగ్గర ఇస్తాయి. అంటే ఇంకో మనిషి గంటకు పైగా పక్కన పడుకున్నంత. అదంతా రజాయి లోపలే, పాదాల దగ్గర ఉండిపోతుంది. మసిలే నీళ్లు పోయొద్దు, సంచికి తువ్వాలు చుట్టాలి. షుగరుతో పాదాలు మొద్దుబారినవాళ్లకి, పసివాళ్లకి వద్దు, కాలినా తెలియదు. నిప్పుల్లో రాళ్లు కాల్చి గుడ్డలో చుట్టుకునే పద్ధతి కొందరు చెబుతారు. గెడ్డలోంచి తెచ్చిన రాయిలో నీరుంటుంది, మంటలో పగిలి ముక్కలు మొహానికి కొట్టొచ్చు. దాని జోలికి పోకండి.

అమెరికాలో ఉన్న మన పిల్లలు అక్కడి వ్యాన్లలో డీజిల్ హీటర్లు చూసి వీడియోలు పంపుతుంటారు. మంచి వస్తువే. దహనానికి గాలి బయటి నుంచే తీసుకుంటుంది, పొగ బయటికే వదులుతుంది. సున్నాకి ఇరవై కిందకు పోయే చోట అది ఉండాలి. లడఖ్ వెళ్తారా, తెలిసినవాళ్ల చేత బిగించుకోండి. ఏడాదికి రెండు మూడు రాత్రుల అరకు కోసం మాత్రం బండి అడుగున ఇంకో కంత చేయించుకోవద్దు.

పల్లంలో ఆగొద్దు

కళింగపట్నంలో రాత్రి 17, 18 డిగ్రీలుంటే, 900 మీటర్ల పైనున్న అరకులో ఎత్తు వల్ల తగ్గాల్సింది ఆరేడు డిగ్రీలే. పదకొండు, పన్నెండు ఉండాలి. ఐదుకి ఎందుకు దిగుతోంది? ఒకటి, సముద్రం దూరం కావడం, ఆకాశం తేటగా ఉండడం. రెండోది, చల్లగాలి బరువు. రాత్రంతా కొండవాలు మీద చల్లబడ్డ గాలి నీళ్లలా కిందికి జారి లోయలో నిలుస్తుంది. వంజంగి కొండెక్కినవాళ్లు తెల్లవారుజామున కాళ్ల కింద కనిపించే తెల్లటి మేఘసముద్రాన్ని ఫొటోలు తీసుకుంటారు కదా, ఆ మేఘం అడుగున ఉన్నదే చల్లగాలి మడుగు. అందులోకి దిగి పడుకోమని సలహా ఇస్తారు! శిఖరం కూడా వద్దు, 1,501 మీటర్ల మహేంద్రగిరి నెత్తిన గాలి నిలబడనివ్వదు. వాలులో మధ్యన, గెడ్డకి, పొలాలకి వందడుగులు పైన, కొమ్మలు విరిగేలా లేని మంచి చెట్టు కింద ఆపండి. తేట ఆకాశం కింద పైరేకు తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది, చెట్టు గొడుగు దాన్ని అడ్డుకుంటుంది, మంచు కూడా కురవనివ్వదు. చెట్టు ఎవరిదో అడిగి ఆగండి. అడవి శాఖ వాళ్ల జాగా అయితే అనుమతి ఉండాలి. కురుపాం, కొమరాడ, సీతంపేట వైపు ఏనుగుల సంచారం ఉంది, అటు ఊరవతల బండిలో రాత్రి గడపనే వద్దు.

మొదటి రాత్రి మా ఊళ్లోనే

బండి తయారవగానే నేరుగా లంబసింగి పోకండి. ముందు కళింగపట్నం వచ్చి పడుకోండి. చలి లేని చోట చలికి సాధన ఏమిటంటారేమో. మా గాల్లో తేమ కొండమీది కన్నా ఎక్కువ, ఏ రేకు కారుతుందో, ఏ కిటికీ సందు చాల్లేదో మా దగ్గర ముందే బయటపడుతుంది. తప్పు చేసినా దుప్పటి తడుస్తుంది, ప్రాణం పోదు. గాలి కూడా నేర్పుతుంది. పగలు సముద్రం మీద నుంచి వీచేది అర్ధరాత్రి దాటాక మళ్లి నేల మీద నుంచి వస్తుంది. తెరచాపల కాలంలో వేటకి పోయేవాళ్లు ఆ గాలి పట్టుకునే సముద్రం మీదికి వెళ్లేవారు. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన్ని అడిగితే చెబుతాడు: "తెల్లారగట్ల గాలి కొండల కాడ్నుంచొస్తాది బాబూ, బండి మూతి అటెట్టు." ముందు అద్దం బిగుతుగా ఉంటుంది, వెనక తలుపు సందుల మయం. గాలికి మూతి చూపించి వెనక్కి తల పెట్టి పడుకోండి. ఇసుకలోకి బండి దించొద్దు, సరుగుడు తోట పక్క గట్టి నేల మీద ఆపండి. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతం వార్త విన్నాకే రండి. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను తీరం దాటింది మా దగ్గరే.

రెండో రాత్రి గురించి ఒక మాట. కొండ మీద మొదటి రాత్రి హాయిగా గడిస్తే, ఇంకో రాత్రి ఉందామని అక్కడే తిరుగుతారు. బొంతలు చేతికి పొడిగానే తగులుతాయి కానీ ఒంటి తేమంతా లోపల ఉంటుంది. వాటిని ఆరబెట్టకుండా పడుకుంటే అదే ఐదు డిగ్రీలు మూడులా కొరుకుతుంది. పొద్దున తొమ్మిదికి మంచు విడిచిందా, అన్నీ బండి మీదికెక్కించి రెండు వైపులా ఎండబెట్టండి, పరుపు కూడా లేపి అడుగు చూడండి. మంచు విడవలేదా, పొగమంచు లైట్లు వేసుకుని నెమ్మదిగా అనంతగిరి దిగి శృంగవరపుకోట వెళ్లండి. టిఫిన్ చేసి, హోటలు వాళ్లని అడిగి ఖాళీ జాగాలో బొంతలు పరవండి. కింద ఎండ ఉంటుంది, మధ్యాహ్నానికి ఆరిపోతాయి. చీకటి పడకముందే మళ్లీ పైకి చేరొచ్చు.